జీవజాలం అని రాశాను

“ప్రాజెక్టు ప్రాంతంలోని జీవజాలంపై చెప్పుకోదగిన ప్రతికూల ప్రభావం ఏదీ ఉండబోదు.”

ఈ వాక్యం నేను రాసిందే. భావం వేరేవాళ్లది, తెలుగు నాది. కొండ మీద నీళ్లు నిలిపి కరెంటు తీసే ఒక పెద్ద ప్రాజెక్టు గురించి ఇంగ్లీషులో తయారైన నివేదిక సారాంశాన్ని నేను తెలుగు చేశాను. పేజీకి ఇంత అని డబ్బు తీసుకున్నాను. ముప్ఫై పేజీల ఆ సారాంశంలో చాలావరకు మరిచిపోయాను గానీ ఈ ఒక్క వాక్యం నన్ను వదల్లేదు. దీన్ని నమ్మి ఒక ముసలామె మోసపోయింది. ఆమెను మోసం చేయాలని నేను అనుకోలేదు. కానీ ఆమె మోసపోతున్నదని నా కళ్లెదుటే తెలిసి కూడా నోరు విప్పలేదు. మొదటిది నా తెలివితక్కువతనం. రెండోదానికి ఏ పేరు పెట్టాలో ఇది చదివినవాళ్లే చెప్పాలి.

నేను రాయలసీమలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ని. ఎక్కువగా ప్రబంధాలు చెప్పాను. మంచి మాట దొరికితే రోజంతా దాన్నే తలచుకుంటూ తిరిగే రకం. 2020లో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌కు కొత్త ముసాయిదా తెచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే గడువును 30 రోజుల నుంచి 20 రోజులకు తగ్గించాలన్నది అందులో ఒక ప్రతిపాదన. ఆ ముసాయిదా మొదట ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చింది. ఎవరి బతుకుల గురించి రాశారో వాళ్లకు చదవడానికి లేదు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ దాన్ని అనువదించాలని ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఫోనులో పిల్లలకు పాఠాలు చెప్పే కరోనా రోజులవి. పాఠం ఆపి మరీ ఆ వార్త చెప్పాను. తెలుగులోకి తెస్తే చాలు, ఇక ప్రజలకు చేరినట్టే అన్నాను. అప్పుడు మనస్ఫూర్తిగా నమ్మిన మాట అది. నా తెలివితక్కువతనానికి మొదలు కూడా అక్కడే.

ఆ తర్వాత కొన్నాళ్లకు, నివేదికలు తయారుచేసే ఒక సంస్థ తరఫున ఒకాయన ఫోను చేశాడు. పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ఒకటి వస్తోందనీ, చట్టం ప్రకారం సారాంశం తెలుగులో కూడా ఉండాలనీ, పది రోజుల్లో చేసిపెట్టాలనీ అడిగాడు. సంతోషంగా ఒప్పుకున్నాను. డబ్బు అవసరమే, కానీ డబ్బు కోసమే ఒప్పుకున్నానంటే అబద్ధమవుతుంది. తెలుగుకు ఒక పని దొరికిందనీ, ఆ పని చేసే యోగం నాకు పట్టిందనీ పొంగిపోయాను.

ఆ ప్రాజెక్టు సంగతి కొంచెం చెప్పాలి. సౌర విద్యుత్తు పగలే వస్తుంది. మనకు కరెంటు ఎక్కువ కావలసింది పొద్దు గుంకాక, ఇంటింటా లైట్లు వెలిగాక. అందుకని కొండ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కడతారు. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో కింది నీళ్లను పైకి తోడతారు. సాయంత్రం ఆ నీళ్లనే కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. వంద యూనిట్లు పెట్టి తోడితే 75 నుంచి 80 యూనిట్ల దాకా తిరిగి వస్తాయి. మిగిలింది ఖర్చు. ఉన్న నీళ్లే రోజూ ఎక్కి దిగుతుంటాయి, ఎండకు ఆవిరైనంత మేర కొత్త నీళ్లు చేరుస్తారు. ఎండా కొండా రెండూ ఉన్న రాయలసీమకు ఇది సరిగ్గా అతికే పని. బొగ్గు కాల్చకుండా రాత్రి పూట కరెంటు ఇవ్వాలంటే ఇలాంటివి కావాలి. ఈ మాట అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

అయితే ఆ నమ్మకం నన్ను గుడ్డివాణ్ని చేసింది. ఎండ నుంచి, గాలి నుంచి, నీటి నుంచి వచ్చే కరెంటు మంచిదే కదా, ఇక అడగడానికేముంది అనుకున్నాను. పొగ రాదు, బూడిద రాదు. మరి ఎవరికి నష్టం? ప్రజాభిప్రాయ సేకరణ అన్నది బొగ్గు కేంద్రాల కోసం, సిమెంటు ఫ్యాక్టరీల కోసం పెట్టింది, ఇక్కడ మాత్రం అదొక లాంఛనం అన్న భావంతోనే కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నాను.

రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద ఒక పక్క ఇంగ్లీషు ప్రతి, ఇంకో పక్క శబ్దరత్నాకరం. పైనున్న రిజర్వాయరుకు ‘ఊర్ధ్వ జలాశయం’ అని రాశాను. కిందిదానికి ‘అధో జలాశయం’. ఊళ్లో ఎవరినడిగినా మీది చెరువు, కింది చెరువు అంటారు. ఆ మాటలు నాకు తెలియక కాదు. ప్రభుత్వానికి పోయే కాగితంలో అంత మామూలు మాటలు రాస్తే పరువు తక్కువ అనిపించింది. భూమి వివరాల పట్టికలో ‘వేస్ట్‌ల్యాండ్’ అని ఉన్నచోటల్లా ‘నిరుపయోగ భూమి’ అని రాసుకుంటూ పోయాను. ఆ పట్టికలో చెప్పింది కొండవాలు గురించి. అక్కడ వానలు పడ్డాక బోద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. దాన్ని కోసుకొచ్చి కొట్టాల మీద కప్పుతారు. లేత గడ్డిని గొర్రెలు మేస్తాయి. అది ఎవరికి నిరుపయోగం అన్న ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. నివేదిక తయారుచేసినవాళ్లు రాశారు, నేను తెలుగు చేశాను.

పక్షుల జాబితా వచ్చింది. లాటిన్ పేర్లు, పక్కన ఇంగ్లీషు పేర్లు. వాటికి తెలుగు పేర్లేవో నాకు తెలియలేదు. ప్రబంధాల్లోని చకోరాలూ చక్రవాకాలూ తెలిసిన నాకు, మా ఊరి కంచె మీద వాలే పిట్ట పేరు తెలియలేదు. లాటిన్ పేర్లనే తెలుగు అక్షరాల్లో దించేశాను. ఆ జాబితాను చదివి అర్థం చేసుకోగల మనిషి ఆ మండలం మొత్తంలో ఒక్కరు కూడా ఉండరని తెలుసు. అయినా నియమం ప్రకారం తెలుగులోనే ఉంది కదా అని పేజీ తిప్పేశాను.

తర్వాతి పేజీలోనే ఆ వాక్యం వచ్చింది. ‘ఫానా’ అంటే జీవజాలం, ‘ఫ్లోరా’ అంటే వృక్షజాలం. పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటలే. తప్పు పట్టడానికి వీల్లేనివి. రెండు నిమిషాల్లో వాక్యం రాసి ముందుకు సాగాను.

ఆ తెలుగు సారాంశానికి చట్టంలో ఉన్న చోటు ఏమిటో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందే తెలుసుకోవలసింది. మన దేశంలో పర్యావరణ ప్రభావ మదింపు 1994లో తప్పనిసరి అయింది. ప్రజల్ని పిలిచి అడగాలన్న నియమం 1997లో చేరింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్. దాని ప్రకారం విచారణ సభను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేయాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. మొత్తం వీడియో తీయాలి. జనం ఏమన్నారో చివర్లో స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి. సభకు రాలేనివాళ్లు రాసి పంపవచ్చు. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కంపెనీ తుది నివేదికలో సమాధానం చెప్పాలి.

కానీ వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులోనే ఉంటుంది. ఊరివాళ్ల భాషలో ఉండి తీరాలని చట్టం చెప్పింది ఆ సారాంశం ఒక్కటే. ఇంగ్లీషు రాని మనిషికి ఆ వ్యవహారం లోపలికి చూడటానికి ఉన్న కిటికీ అది. ఆ కిటికీకి నేను సంస్కృతంతో తలుపు బిగించాను.

విచారణ సభ ఒక హైస్కూలు మైదానంలో జరిగింది. సంస్థవాళ్లు రమ్మన్నారు, ఏదైనా మాట అర్థం కాకపోతే పక్కనుండి సాయం చేయమన్నారు. వెళ్లి వేదికకు ఒక పక్కగా వేసిన కుర్చీల్లో కూర్చున్నాను. షామియానా కింద మూడు నాలుగు వందల మంది. ముందు వరుసల్లో పట్టా భూములున్న రైతులు. ఎకరాకు ఎంతిస్తారు, ఇంటికొక ఉద్యోగం ఇస్తారా, లీజు ఎన్నేళ్లు అన్నవి వాళ్ల ప్రశ్నలు. న్యాయమైన ప్రశ్నలే. వాళ్ల దగ్గర పాసుపుస్తకాలున్నాయి. కంపెనీ మనుషులు అంతకు ముందే వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడారు.

నా సారాంశాన్ని ఒకాయన మైకులో చదివాడు. ఊర్ధ్వ జలాశయం, అధో జలాశయం, పరీవాహక ప్రాంత సంస్కరణ. నా వాక్యాలు లౌడుస్పీకర్లో వినబడుతుంటే నాకు లోపల గర్వంగా ఉంది. జనం వైపు చూశాను. ఎవరూ వినడం లేదు. ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటున్నారు. అర్థం కాక ఊరుకున్నారని నాకు తోచలేదు. ఆసక్తి లేదనుకున్నాను.

చివర్లో వెనక నుంచి ఒక అవ్వ లేచింది. డెబ్బై ఏళ్లుంటాయి. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. మైకు ఇస్తే అవసరం లేదంది. ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“సారూ, నాకు సదువు రాదు. మా మనవడు ఆ పుస్తకం సదివి చెప్పినాడు. జీవాలకు ఏమీ నష్టం ల్యాదని రాసినారంట. అది నిజమే అయితే మాకు వేరే మాట ల్యాదు. కరెంటు అందురికీ కావల్ల. మా జీవాలు కొండెక్కి మేసి దిగొస్తే అంతే చాలు.”

రాయలసీమలో జీవాలంటే గొర్రెలు, మేకలు. ఎన్ని జీవాలున్నాయి అని అడిగితే ఎంత మంద ఉందని అర్థం. ఆ పిల్లవాడు జీవజాలం అన్న మాట చదివి, ఇది జీవాలకే పుస్తకాల్లో రాసే మాట కాబోలు అనుకున్నాడు. అలా అనుకోవడంలో వాడి తప్పేమీ లేదు. ఆ ఊళ్లో పుట్టిన ఎవరైనా అలాగే అనుకుంటారు.

వేదిక మీది అధికారి ఇంకో కాగితం చూస్తూ, “నివేదికలో అట్లాగే ఉందమ్మా” అన్నాడు. ఆయనకు తెలిసి అన్నాడనుకోను. ఆ షామియానా కింద ఆ రెండు మాటల మధ్య తేడా తెలిసిన మనిషిని నేనొక్కణ్నే. కొండ చుట్టూ కంచె వస్తుందని అదే సారాంశంలో పద్దెనిమిదో పేజీలో నేనే రాశాను. ‘భద్రతా ప్రాకారం’ అని రాశాను.

లేచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అవ్వా, ఆ మాటకు అర్థం మీ గొర్రెలు కాదు, కొండ ఎక్కడానికి ఇక దారి ఉండదు అని. పది సెకన్ల పని. కుర్చీ అంచుకు జరిగాను కూడా. అంతలోనే నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. నేను అనువాదకుణ్ని, ఊరివాణ్ని కాదు. అడిగితేనే చెప్పాలి. ఇంకా సగం డబ్బు రావలసి ఉంది. నా మాట నిఘంటువు ప్రకారం సరైనదే. అన్నిటికంటే ఎక్కువగా, ఇంత మంచి పనికి ఒక మాట కోసం అడ్డం పడటం ఎందుకు అనిపించింది. ఈ లోపల ఆమె కూర్చుంది.

సభ ముగింపులో కార్యక్రమ వివరాలు చదివారు. చట్టం ఆ ఏర్పాటు చేసింది ఎందుకంటే, ఎవరి మాటైనా తప్పుగా రాసుకుంటే అక్కడికక్కడే దిద్దుకోవడానికి. “పశుపోషకుల తరఫున మాట్లాడిన మహిళ తమకు అభ్యంతరం లేదని తెలిపారు” అని చదివారు. ఆమె చెప్పిన ‘అది నిజమే అయితే’ అన్న ముక్క అందులో లేదు. అది కూడా విన్నాను. అప్పటికే సంచి భుజానికి తగిలించుకున్నాను. నాలుగు గంటల బస్సు పోతే మళ్లీ రాత్రిదాకా లేదు. ఆ బస్సెక్కాను.

రెండేళ్లు గడిచాయి. ఆ పక్క ఊళ్లో నా పాత విద్యార్థి గృహప్రవేశం ఉంటే వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం రోడ్డు దాకా నడుస్తుంటే కొండ కనిపించింది. సగం దాకా కోసిన తెల్లటి దారి, దాని మీద లారీలు, కింద పొడుగునా ఇనుప కంచె. కంచె ఇవతల చింతచెట్టు కింద ఒక అవ్వ తుమ్మ మండలు కొట్టి రెండు మేకలకు వేస్తోంది. గొంగడిని బట్టి గుర్తుపట్టాను.

చెంబుతో నీళ్లిచ్చింది. ఏ ఊరు నాయనా అని అడిగింది. చెప్పాను. ఆమె మందలో ఎనభై జీవాలు ఉండేవట. కంచె పడ్డాక మేతకు ఏడు మైళ్లు తోలవలసి వచ్చింది. దోవ పొడుగునా పైర్లు, ఎవరి చేలో పడినా తగవు. కొడుకు సంతకు తోలుకెళ్లి ఒకేసారి అమ్మేసి బెంగళూరుకు పనికి పోయాడు. రొప్పం ఖాళీగా పడి ఉంది. ఎండాకాలంలో రైతులు తమ చేలల్లో మంద కట్టించుకుని ఎరువుకు బదులు గింజలిచ్చేవాళ్లు, అదీ పోయింది. ఇదంతా ఎవరి మీదా కోపం లేకుండా, వాన రాలేదని చెప్పినట్టు చెప్పింది. చివర్లో మాత్రం ఒక మాట అడిగింది.

“జీవాలకు నష్టం ల్యాదని రాసినారు కదా నాయనా. ఎవురు రాసినారో గానీ, ఎందుకట్ల రాసినారు?”

“నేనే రాశానవ్వా” అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. ఏం చేస్తుంటావని అడిగింది. కాలేజీలో తెలుగు చెబుతానన్నాను. “అయ్యవారివా” అని కాసేపు ఊరుకుంది. ఆ మాటకు మా సీమలో ఎంత గౌరవమో నాకు తెలుసు. ఆ క్షణంలో దాన్ని మోయలేకపోయాను. తర్వాత, ఆ మాటకు అర్థమేంది అయ్యవారూ అని అడిగింది. కొండ మీద తిరిగే నక్కలు, కుందేళ్లు, పాములు, పిట్టలు, వాటన్నిటినీ కలిపి అలా అంటారనీ, పెంచుకునే గొర్రెలూ మేకలూ అందులో రావనీ చెప్పాను. ఆమె తల ఊపింది. చేతిలోని మండను మేక ముందు వేసి నెమ్మదిగా అంది.

“అయితే నక్కలకు మాత్రం నష్టం ల్యాదా? తోటాలు పెట్టి బండలు పేలుస్తాండారు. పిట్టలన్నీ లేచిపోయినాయి. కుందేలు కనపడి ఏడాదాయ. అవి నీళ్లు తాగే కుంట మట్టి కింద పాయ. నువ్వు చెప్పే అర్థంలో గూడా అది అబద్ధమే కదా అయ్యవారూ.”

నా దగ్గర జవాబు లేదు. ఆ రెండేళ్లూ నేను పడ్డ బాధంతా ఒక మాట తప్పుగా అర్థమైందనే. సరైన మాట, పొరపాటు అర్థం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ వాక్యం నిజమా కాదా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. తెలుగు చేస్తున్నప్పుడు అడగలేదు, మైకులో విన్నప్పుడు అడగలేదు, పశ్చాత్తాపపడుతున్నప్పుడు కూడా అడగలేదు. చదువు రాని మనిషి అర్థం తెలిసిన మరుక్షణం అడిగింది. జీవజాలం మాట ఆమెకు ముందే తెలిసి ఉంటే విచారణ సభలోనే ఆ ప్రశ్న అడిగేది. తనకోసమే కాదు, నక్కల కోసం కూడా అడిగేది. అప్పుడు దానికి రాతపూర్వకంగా సమాధానం చెప్పక తప్పేది కాదు. నివేదిక రాసినవాళ్లలో కొండను ఆమె అంతగా ఎరిగినవాళ్లు ఉంటారనుకోను. ఆ సాక్షి నోరు నేను మూయించాను.

ఆ తర్వాత చట్టాలు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆ సభ ఎంత అరుదైనదో తెలిసింది. 2006 నోటిఫికేషన్ జాబితాలో సౌర, పవన విద్యుత్ కేంద్రాలు లేవు. సోలార్ పార్కులకు అది వర్తించదని కేంద్ర పర్యావరణ శాఖ 2017లో మళ్లీ స్పష్టం చేసింది. అదే ఏడాది కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పనిచేయడం మొదలుపెట్టింది. సుమారు ఆరు వేల ఎకరాలు. అంత విస్తీర్ణంలో వచ్చినా ఈ చట్టం కింద అక్కడి జనం అభిప్రాయం అడగవలసిన అవసరం లేదు. అదే జిల్లా నేల మీద బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. గడ్డి నేలల్లో బతికే ఆ పిట్ట అక్కడ ఇప్పుడు కనబడటమే గగనమైంది. గడ్డి నేలను నిరుపయోగ భూమి అని రాసే చేతుల్లో నాదీ ఒకటి. పంప్డ్ స్టోరేజ్ జలవిద్యుత్తు కిందికి వస్తుంది కాబట్టి ఆ అవ్వకు నిలబడి మాట్లాడే చోటు దొరికింది. పక్క మండలంలో సోలారు పలకల కింద మేత పోయినవాళ్లకు అది కూడా లేదు.

మన సరిహద్దు దాటితే పావగడ ఉంది. కర్ణాటకే అయినా ఆ ఊళ్లలో ఇంటింటా తెలుగు వినిపిస్తుంది. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. భూమిని కొనలేదు, రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున లీజుకు తీసుకున్నారు. కరువు సీమలో అది చిన్న మొత్తం కాదు, భూమి చేతి నుంచి జారిపోకపోవడం కూడా మంచిదే. కానీ లీజు డబ్బు వచ్చింది భూమి ఉన్నవాళ్లకు. ఆ చేలల్లో కూలికి పోయేవాళ్లకూ, కోతలయ్యాక మందలు మేపుకునేవాళ్లకూ లీజు లేదు. మేపుకునే హక్కుకు పట్టా ఉండదు, పాసుపుస్తకం ఉండదు. కాగితం ఉన్నవాడి ఇంటికి కంపెనీయే నడిచి వస్తుంది. కాగితం లేనివాడు తన మాట చెప్పుకోగలిగిన ఒకే ఒక్క చోటు ఆ షామియానా. అక్కడ పాసుపుస్తకం చూపమని ఎవరూ అడగరు. అందుకే ప్రజాభిప్రాయ సేకరణను లాంఛనం అనుకోవడం ఎంత పెద్ద తప్పో ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ ప్రాజెక్టులు ఆగిపోవాలని నేను కోరడం లేదు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి, బొగ్గు మానక తప్పదు. రాబోయే ముప్ఫై ఏళ్లు మన కొండల మీద, బీళ్ల మీద ఈ పనులే జరుగుతాయి. అంత కాలం జరిగేవి కాబట్టే మొదట్లోనే సరిగా అడగడం నేర్చుకోవాలి. ఆ కొండ మీద కూడా ఆమె మాట సరిగా విని ఉంటే, మందలు పోవడానికి ఒక పక్క దారి వదలవచ్చు. పోయిన కుంటకు బదులు ఇంకో కుంట తవ్వవచ్చు. మేత పోయిన కుటుంబాలను లెక్కలోకి తీసుకోవచ్చు. కోట్ల ప్రాజెక్టుకు అవి బరువు కావు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. అడగవలసిన మనిషి అడగకుండా చేసింది నా మాట.

ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. గొప్పగా చెప్పుకోవడానికి కాదు, ఇంకెవరైనా చేస్తారేమోనని. మా వైపు ఎక్కడైనా విచారణ సభ ప్రకటన పేపర్లో కనిపిస్తే, తెలుగు సారాంశం ప్రతిని సంపాదిస్తాను. సభకు ముందున్న ముప్ఫై రోజుల్లో నాలుగైదు సాయంత్రాలు ఆ ఊళ్లకు వెళ్లి రచ్చబండ దగ్గర చదివి వినిపిస్తాను. ఒక పేరా చదివాక, ఏం అర్థమైందో మీ మాటల్లో తిరిగి చెప్పండని అడుగుతాను. వాళ్లు చెప్పినదానికీ కాగితంలో ఉన్నదానికీ తేడా వస్తే ఆ మాట కింద గీత పెడతాను. ప్రతి ఊళ్లోనూ ఇరవై ముప్ఫై గీతలు తేలుతున్నాయి. లాటిన్ పేర్లతో నేను దించేసిన పక్షుల జాబితాను బొమ్మలతో ఒక గొర్రెలు కాచే పిల్లవాడికి చూపించాను. కౌజు, పూరేడు, బెళవ అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఏది ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏది ఏ నెలలో వస్తుందో కూడా చెప్పాడు. ఆ పేర్లు ఇప్పుడు నా నోటుపుస్తకంలో ఉన్నాయి.

పోయిన నెల మళ్లీ ఆ చింతచెట్టు దగ్గరికి వెళ్లాను. ఆ కాగితం ఎప్పుడో ఢిల్లీ దాటింది, కొండను తవ్వేశారు. నా వాక్యాన్ని దిద్దినా అక్కడ మారేది ఏమీ లేదు. అయినా దిద్దకుండా ఉండలేకపోయాను. కొత్తగా రాసుకున్నది ఆమెకు చదివి వినిపించాను. “మీది చెరువు కట్టేటప్పుడు కొండ చుట్టూ కంచె వేస్తారు. ఆ తర్వాత మీ గొర్రెలు, మేకలు కొండ ఎక్కలేవు. మేతకు వేరే చోటు చూపలేదు. దీని మీద మీరు ఏమంటారో సభలో చెప్పండి.”

అవ్వ మొత్తం విన్నది. ఇంకోసారి చదవమంది. రెండోసారి చదివాక, ఇట్ల రాసింటే మేము అడుగుతాంటిమి కదా అంది. నేను పుస్తకం మూయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

“నక్కల సంగతి గూడా రాయి అయ్యవారూ.”

అక్కడే కూర్చుని రాశాను.